కచేరీలో ఫోను ఎత్తేవాడు రసికుడా, గుమాస్తానా?

మైలాపూర్ గోదారోడు:
డిసెంబరు కచేరీల సీజన్ కదా, చెన్నైలో ఉన్న మనవాళ్ళంతా సంగీత సభల చుట్టూ తిరుగుతుంటారు. ఒక్క మాట చెప్పండి. పాట వినడం మానేసి ఫోన్లో పట్టుకునేవాళ్ళని రసికులనాలా? నిన్న నా ముందు వరసలో ఒకాయన ఆలాపన మొదలైన దగ్గర్నుంచీ ఎత్తిన చెయ్యి దించలేదు. వద్దని మైకులో ముందే చెప్పారు, ఎవరిక్కావాలి! తని, అదే పాట ఆగి మృదంగం ఒక్కటే వాయించే వంతు, మొదలవగానే లేచి, పక్కావిడ చేతిలో ఫోను పెట్టి, "కాస్త పట్టుకోండమ్మా, రికార్డవుతోంది" అని క్యాంటీన్‌కి వెళ్ళిపోయాడు. ఆవిడ పాపం దాన్ని హారతి పళ్ళెంలా పట్టుకుని కూర్చుంది. ఆ వీడియో ఆయన మళ్ళీ ఎప్పుడైనా వింటాడా? అరనిమిషం ముక్క స్టేటస్‌లో పెడతాడు, తర్వాత స్టోరేజీ నిండిందని చెరిపేస్తాడు. ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకోవాలంటాను.

అడయార్ కోడలు:
మీరు ఒక్క రకాన్నే చూశారండీ. మా మామగారిది పాతకాలం పిచ్చి. రేడియోలో కచేరీ వస్తే టేపులోకి ఎక్కించేవారు. అంతసేపూ ఇంట్లో మిక్సీ వెయ్యకూడదు, పిల్లలు తుమ్మకూడదు. క్యాసెట్ల మీద ఎర్రసిరాతో రాగం, నల్లసిరాతో తాళం, కింద పెన్సిల్‌తో "పల్లవి దగ్గర కరెంటు పోయింది" అని రాసుకునేవారు. ఓసారి తోడి రాగం ఆలాపన మధ్యలో మా అత్తగారి కుక్కర్ కూత పెట్టింది. ఆ రోజు ఇంట్లో అన్నాలు తిన్నవాళ్ళు లేరు. ఇప్పుడు ఇద్దరూ లేరు. సభలో తోడి ఎవరు పాడినా సరే, మా ఆయన ఆ కూత కోసం చెవి రిక్కిస్తారు. ఫోన్లు లాక్కుంటే ఇలాంటివి ఎవరికి మిగుల్తాయి?

పాఠాంతరం:
బాగుందమ్మా, కానీ త్యాగరాజస్వామి 1847లో పోయారు. అప్పుడు టేపులున్నాయా? వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యులు నోటితోనే నిలబెట్టారు. ఒక్కో పరంపరలో సంగతులు, అంటే ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు, వేరు, కొన్ని కీర్తనలకి రాగమే వేరు. పాట అలా మనుషుల్లో పడి పెరిగింది. ఇప్పటి పిల్లలు యూట్యూబ్‌లో దొరికిన కచేరీని దగ్గుతో సహా దింపేస్తున్నారు.

మైలాపూర్ గోదారోడు:
దగ్గుతో సహా! ఆ దగ్గు ఏ తాళంలో ఉందో కూడా చెప్పెయ్యండి.

టీనగర్ తాతయ్య:
"నోటితోనే" అంటే ఒప్పుకోను. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ గురువుగారి కీర్తనల్ని శ్రద్ధగా రాసిపెట్టారు. వాలాజాపేట ప్రతులు మదురై సౌరాష్ట్ర సభకి చేరాయి. సుబ్బరామ దీక్షితులు ఎట్టయాపురంలో కూర్చుని, గమకాలకి, అంటే స్వరాల ఊపులకి కూడా గుర్తులు పెట్టి, 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని 1904లో అచ్చు వేయించారు, అదీ తెలుగు లిపిలో. ఇది పిచ్చి కాకపోతే ఏమిటి? ఆ పిచ్చి లేనిచోట పోయిందంతా పోయింది. త్యాగయ్యవి మనకి దక్కినవి సుమారు 700. కాకపోతే వాళ్ళు పాట వచ్చాక రాశారు. మనం రాకముందే దాచేసి, వచ్చేసిందనుకుంటున్నాం.

అన్నట్టు, సభలో పక్కన తమిళ మామి సాహిత్యం ఒక్క అక్షరం పోకుండా పెదవులు కదుపుతుంటే, మన తెలుగు కుర్రాడు అదే కీర్తనని ఇంగ్లీషు లిపిలో గూగుల్ చేసుకుంటున్నాడు. దానికేం బ్యాన్ పెడతారు?

పాఠాంతరం:
రాత వేరు తాతగారూ. రాసినదాన్ని పాడేవాడు మళ్ళీ తనే కట్టుకోవాలి, సగం పని అతనిదే. రికార్డింగులో అంతా వండి వడ్డించేసి ఉంటుంది.

అడయార్ కోడలు:
కుక్కర్‌తో సహా.

మిట్టమధ్యాహ్నం మృదంగం:
పన్నెండు గంటల ఉచిత కచేరీల్లో వాయించే కుర్రాణ్ణండీ నేను. అక్కడ ఫోన్లూ ఉండవు, మనుషులూ ఉండరు. పాడే అమ్మాయి అమ్మానాన్నలు, భోజనం వేళ కోసం ఫ్యాను కింద కూర్చున్న పెద్దాయన, అంతే. రికార్డు చేసుకుంటానంటే నేనే కెమెరాకి స్టాండు ఇస్తాను. తని అయ్యేదాకా లేవకపోతే చాలు.