బాల్సా ట్రెయినర్‌కు హింజులు: సీఏ హింజులా, పిన్ హింజులా?

చెరువుగట్టు (భీమవరం):

సభ్యులందరికీ నమస్కారం. దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టేసే నాటికి పొలంలో ఎగరేయాలన్న ఉద్దేశంతో రేడియోతో నడిపే నమూనా విమానం ఒకటి బాల్సా చెక్కతో కడుతున్నాను. అది 40 సైజు ఇంజన్‌కు సరిపడే హైవింగ్ (రెక్క పైన ఉండే) ట్రెయినర్, అంటే ఎగరేయడం నేర్చుకునేవారి విమానం. రెక్క, తోక తయారయ్యాయి. కవరింగ్ ఫిల్మ్ (ఇస్త్రీ చేసి అతికించే పలచని ప్లాస్టిక్ పొర) వేయడం, ఐలరాన్లకూ (రెక్క వెనక అంచున కదిలే పలకలు) ఎలివేటర్‌కూ (అడ్డ తోక వెనక కదిలే పలక) రడ్డర్‌కూ (నిలువు తోక వెనక కదిలే పలక) హింజులు, అంటే అవి ఆడే కీళ్ళు, పెట్టడం మిగిలాయి. కిట్‌తో పాటు సీఏ హింజుల (సీఏ, అంటే సైనోఅక్రిలేట్ జిగురు, పీల్చుకుని అతికే పలచని పట్టీలు) షీటు వచ్చింది. మా ఊళ్ళో చాలాకాలంగా విమానాలు ఎగరేస్తున్న పెద్దలు మాత్రం మన డెల్టా తేమకు సీఏ నిలవదని, ఆ షీటు పక్కన పెట్టి పిన్ హింజులను (మధ్యలో పిన్ను మీద తిరిగే నైలాన్ ఆకుల కీళ్ళు) ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) బిగించమని చెబుతున్నారు. కవరింగ్ ముందా హింజులు ముందా, రెక్కకూ ఐలరాన్‌కూ మధ్య ఎంత సందు వదలాలి అన్న విషయాల్లో కూడా తలా ఒక మాట వినిపిస్తోంది. స్వయంగా చేసి చూసినవారు తమ అనుభవం చెప్పగలరు.

కోనసీమ బాల్సా (అమలాపురం):

చెరువుగట్టు గారూ, మీ పెద్దల మాటలో సగం నిజం ఉంది. తేమ వల్ల సీఏకు ఇబ్బంది ఉన్న మాట వాస్తవమే గాని, ఆ ఇబ్బంది వారు అనుకునే చోట లేదు. సైనోఅక్రిలేట్ గట్టిపడేదే తేమ తగలడం వల్ల. అందుచేత జూన్‌లో వానలు పట్టాక కోనసీమలో ఈ పని పెట్టుకుంటే, జిగురు చీలిక లోపలి అంచు దాకా పాకక ముందే మూతి దగ్గర బిగుసుకుపోతుంది. పైనుంచి చూస్తే హింజ్ గట్టిగా పట్టినట్టే కనిపిస్తుంది, లోపలి సగం మాత్రం పొడిగానే ఉంటుంది. నేను చూసినంతలో గాలిలో ఊడిన సీఏ హింజులన్నీ ఈ బాపతువే. సక్రమంగా తడిసి బిగిసిన హింజ్ వాతావరణంలోని తేమకు ఊడిపోవడం నేనెన్నడూ చూడలేదు.

ముందు కవరింగ్ వేయండి, హింజులు ఆ తర్వాతే. ఫిల్మ్ వేశాక అంచు మందానికి సరిగ్గా మధ్యన సన్నని గీత గీసి, రెక్క మీదా ఐలరాన్ మీదా హింజుల స్థానాలను ఒకేసారి గుర్తించి, 11వ నంబరు బ్లేడుతో నెమ్మదిగా చీలిక తీయండి. ఒక్క పోటుతో లోతుకు దించాలని చూస్తే బ్లేడు బాల్సా నార వెంట పక్కకు జారి, చీలిక రెక్క పైచర్మం వైపుకు పోతుంది. మూడు నాలుగు విడతలుగా, ప్రతి విడతా బ్లేడు రెక్క తలానికి సమాంతరంగా ఉందో లేదో పక్కనుంచి చూసుకుంటూ దించాలి. చీలిక మూతి దగ్గర రెండు మిల్లీమీటర్ల మేర ఫిల్మ్ కోసి తీసేయండి, లేకపోతే జిగురు చెక్కలోకి ఇంకకుండా ప్లాస్టిక్ మీద పరుచుకుంటుంది.

అసలు కిటుకు దీని తర్వాత ఉంది. చీలిక మధ్యలో, దాని పూర్తి లోతు దాకా, సుమారు 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో రంధ్రం వేయండి. రెక్క వైపూ ఐలరాన్ వైపూ వేయాలి. ఈ రంధ్రం పంట కాలువలా జిగురును హింజ్ చివరి దాకా తీసుకుపోతుంది. తేమ ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఇది లేకుండా సీఏ హింజ్ పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం.

హింజ్ మధ్యలో గుండుసూది గుచ్చి సగం రెక్కలోకి, సగం ఐలరాన్‌లోకి తోయండి. సూది ఉండడం వల్ల హింజ్ ఒకవైపే లోతుకు పోదు. ఐలరాన్‌ను దగ్గరికి నెట్టి, సూదులు తీసేసి, పూర్తిగా కిందికి వంచి పట్టుకుని, నీళ్ళలా పలచగా ఉండే సీఏను సన్నని గొట్టంతో ఒక్కో హింజ్ మీద ఒక్కో చుక్క చొప్పున, ముందటి చుక్క ఇంకిన తర్వాతే తరువాతిది వేస్తూ, అయిదారు చుక్కలు వేయండి. ఆలస్యం చేయకుండా తిప్పి రెండో వైపు కూడా అలాగే వేయాలి. మీడియం సీఏ, థిక్ సీఏ ఈ పనికి పనికిరావు. యాక్సిలరేటర్ (సీఏను వెంటనే గట్టిపరిచే ద్రవం) చల్లితే తేమ చేసే నష్టాన్నే మనం చేజేతులా చేసుకున్నట్టు అవుతుంది. పావుగంట ఆగి, ఐలరాన్‌ను పైకీ కిందికీ పలుమార్లు వంచి, ఆ తర్వాత ఒక్కో హింజ్ దగ్గరా చేత్తో గట్టిగా లాగి చూడండి. విమానం పాడవుతుందేమోనని మొహమాటపడి మెల్లగా లాగితే ఆ పరీక్షకు అర్థం లేదు.

సీఏ సీసా గురించి కూడా ఒక మాట చెప్పాలి. దాన్ని మూత బిగించిన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కలిపి ఫ్రిజ్‌లో దాచండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా సీసా మూత తీయవద్దు. చల్లటి సీసాను ఉక్కపోతలో తెరిస్తే లోపల నీటి ఆవిరి పట్టి జిగురు సీసాలోనే చిక్కబడుతుంది.

అంతర్వేది గాలి (సఖినేటిపల్లి):

బాల్సా గారు చెప్పిన పద్ధతి సరైనదే, కాని నేను మాత్రం పిన్ హింజులవాడినే. సీఏ హింజ్ ప్రతి కదలికకూ కొంత ఎదురు తన్నుతుంది, పిన్ హింజ్ స్వేచ్ఛగా ఆడుతుంది. సర్వో (పలకను కదిపే చిన్న మోటారు) లింకు తీసేసి తోకను అడ్డంగా పట్టుకున్నప్పుడు ఎలివేటర్ తన బరువుకు తానే కిందికి వాలాలన్నది నేను పెట్టుకున్న కొలత. సీఏ హింజులతో ఆ పరీక్ష నెగ్గదు. నెగ్గనక్కర లేదని వారంటారు, అది వారి అభిప్రాయం.

సముద్రం దగ్గర ఉండేవారు కొనేటప్పుడే పిన్ను ఏ లోహానిదో చూసుకోవాలి. ఉక్కు తీగ పిన్నులు మా ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఒక వర్షాకాలం దాటేసరికి హింజ్ కరకరలాడుతూ తిరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇత్తడి పిన్ను ఉన్నవే తీసుకోండి. మా వైపు విమానం దిగితే వరి దుబ్బుల్లోనైనా దిగుతుంది, రొయ్యల చెరువులోనైనా దిగుతుంది. చెరువు నీరు ఉప్పదనం ఉన్నదైతే బ్యాటరీ, రిసీవర్ సంగతి చూశాక హింజులను కూడా మంచినీటితో కడిగి ఆరబెట్టడం మరవవద్దు.

బిగించే ముందు నైలాన్ ఆకులను 120 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. నున్నటి నైలాన్‌ను ఎపాక్సీ పట్టదు, ఆకులో ఉన్న రంధ్రాల గుండా అది గట్టిపడితేనే పట్టు వస్తుంది. ఎపాక్సీని హింజ్‌కు పూయకుండా, అగ్గిపుల్లతో చీలిక లోపల పూయండి. హింజ్‌కు పూసి లోపలికి నెడితే జిగురంతా చీలిక అంచుకు గీసుకుని కీలు మీదకు చేరుతుంది. ఆ కీలును కాపాడడానికి పెట్రోలియం జెల్లీని చెంచాలో కాస్త వేడిచేసి కరిగించి, కీలు వరకే అందులో ముంచి తీయాలి. ఇంట్లో ఉందికదా అని కొబ్బరినూనె రాసేవారిని చూశాను. మన ఎండలకు అది గడ్డకట్టదు, ఆకు వెంట జారి చీలికలోకి పోతుంది, ఆపైన ఎపాక్సీ అక్కడ పట్టదు. జెల్లీ అయితే పెట్టినచోటే ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో అయిదు నిమిషాల ఎపాక్సీ జోలికి పోవద్దు. వేడికి అది ఇంకా తొందరగా బిగుస్తుంది, మూడో హింజ్ దాకా రాకుండానే కలిపినది గడ్డ కడుతుంది. అరగంట రకం తీసుకుని, తెల్లవారుజామున చల్లగా ఉండగా పని చేసుకోండి. పూర్తిగా బిగిశాక రెక్క కింది వైపు నుంచి ప్రతి హింజ్ ఆకు గుండా పళ్ళపుల్ల ముక్క దింపి సీఏ చుక్క వేసి సమంగా కోసేస్తే, ఎపాక్సీ వదిలినా హింజ్ బయటికి రాదు.

థర్మోకోల్ రెక్క (తణుకు):

బాల్సావారి మధ్య మా ఫోమ్ విమానాల సంగతి కూడా కొంచెం చెబుతాను, కొత్తవారు చాలామంది వీటితోనే మొదలుపెడతారు కనుక. మామూలు సీఏ తగిలితే థర్మోకోల్, డెప్రాన్ (పలచని ఫోమ్ షీటు) కరిగిపోతాయి. ఫోమ్ సేఫ్ రకమే వాడాలి. చిన్న విమానాలకు టేపు హింజ్ చాలు. ఆసుపత్రుల్లో వాడే బ్లెండర్మ్ టేపు ఇందుకు చాలాకాలంగా పేరున్నది. అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఎలివేటర్‌ను పూర్తిగా మడిచి ఉంచి లోపలి వైపు టేపు వేసి, తర్వాత తిన్నగా చేసి పైవైపు వేయండి. ఎండలో కారులో వదిలేస్తే టేపు జిగురు మెత్తబడి జారుతుంది, ఎగరేసే ముందు గోటితో అంచులు నొక్కి చూసుకోవాలి.

గోదారి ఇసుక (రాజమహేంద్రవరం):

జిగురు గురించి అందరూ వివరంగా చెప్పారు, సందు గురించి ఎవరూ చెప్పలేదు. చెరువుగట్టు గారు అడిగిన ప్రశ్నలలో నా దృష్టిలో అదే ముఖ్యమైనది.

ఐలరాన్ ముందు అంచును రెండు వైపులా సుమారు 45 డిగ్రీల వాలుకు చెక్కి, మొన మధ్యగీత మీద ఉండేలా చూస్తే, సందు అర మిల్లీమీటరుకు మించకుండా కావలసినంత కదలిక వస్తుంది. వాలు తక్కువగా చెక్కినవారు కదలిక కోసం సందు పెంచుకుంటారు, చిక్కు అక్కడ మొదలవుతుంది. రెక్క కింది నుంచి గాలి ఆ సందులో పైకి కారిపోయి ఐలరాన్ పనితనం తగ్గుతుంది. సీఏ హింజ్ అయితే మడత పడవలసిన గీత ఒకచోట స్థిరంగా ఉండక, ఆ వెడల్పంతా వంగుతూ ఐలరాన్‌ను పైకీ కిందికీ కూడా జరగనిస్తుంది. దానికి తోడు పుష్‌రాడ్‌లోనో (సర్వో నుంచి పలకను కదిపే కడ్డీ) సర్వో గేర్లలోనో కాస్త వదులు ఉంటే, వేగం పెరిగినప్పుడు ఫ్లట్టర్, అంటే పలక గాలికి తనంతట తానే వేగంగా అదరడం, వస్తుంది. ఆ శబ్దం ఒకసారి విన్నవారికి మళ్ళీ చెప్పనక్కర లేదు. వినబడిన క్షణంలోనే థ్రాటిల్ తగ్గించి, ముక్కు మెల్లగా పైకెత్తి వేగం చంపుకుని దించేయాలి. దించాక హింజులు, హార్న్ (పలక మీద పుష్‌రాడ్ తగిలించే చిన్న కొమ్ము), సర్వో బిగింపులు అన్నీ విప్పి చూడకుండా మళ్ళీ ఎగరేయకూడదు.

సందు ఇప్పటికే ఎక్కువైపోయిన విమానానికి, ఐలరాన్‌ను పూర్తిగా పైకెత్తి ఉంచి కింది వైపు పారదర్శకమైన టేపు సందులోకి నొక్కి అతికించవచ్చు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక ఎగరేసేవారికి ఐలరాన్ స్పందనలో ఆ తేడా చేతికే తెలుస్తుంది.

పిన్ హింజులు, పాయింట్ హింజులు (గుండ్రని రంధ్రంలో దిగే కడ్డీ రకం కీళ్ళు) పెట్టేవారు ఇంకొకటి గమనించాలి. అన్ని కీళ్ళూ ఒకే సరళరేఖ మీద ఉండాలి. ఒక్కటి మిల్లీమీటరు పక్కకు పోయినా ఐలరాన్ మధ్యలో తేలికగా కదిలి చివర్లలో బిగుస్తుంది, సర్వో ఊరికే మూలుగుతూ రిసీవర్ బ్యాటరీని తాగేస్తుంది. రోబార్ట్ రకం పాయింట్ హింజులకు రంధ్రం మూతి దగ్గర చిన్న గుంట చెక్కి కీలును అందులో కూర్చోబెడితేనే తిరిగే బిందువు హింజ్ గీత మీదకు వస్తుంది. కంట్రోల్ హార్న్ రంధ్రం కూడా సరిగ్గా ఆ గీత మీదే ఉండాలి. వెనక్కు జరిగితే పైకి ఒక కొలత, కిందికి ఒక కొలత కదులుతుంది. హార్న్‌కు దగ్గరలో ఒక హింజ్ తప్పక ఉండేలా స్థానాలు ఎంచుకోండి, లాగుడంతా అక్కడే పడుతుంది.

కోనసీమ బాల్సా (అమలాపురం):

ఇసుక గారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అంతర్వేది గారితో మాత్రం ఒక చిన్న పేచీ. ఎలివేటర్ దానంతట అది వాలడం పెద్ద పెట్రోలు విమానాలకు మంచి పరీక్షే. వాటికి నేనూ పిన్ హింజులో పాయింట్ హింజులో పెడతాను. 40 సైజు ట్రెయినర్‌లో సీఏ హింజ్ బిగువు మామూలు సర్వోకు లెక్కలోది కాదు. పైగా చీలికలు సమంగా తీస్తే చాలు, కీళ్ళ వరుస తప్పే బాధ ఉండదు. మొదటి విమానం కట్టేవారికి అది చిన్న సౌకర్యం కాదు.

కాలువ రేవు (పాలకొల్లు):

నా ప్రశ్న కూడా దీనికి దగ్గరదే. చేతులు మారి నా దగ్గరకు వచ్చిన ఏఆర్ఎఫ్ (దాదాపు తయారుగా అమ్మే) విమానం ఒకటుంది. ఫ్యాక్టరీలోనే హింజులు అతికించి వచ్చినది. బాల్సా గారు చెప్పినట్టు ఇవాళ లాగి చూస్తే ఎడమ ఐలరాన్ చివరి హింజ్ రెక్క వైపు నుంచి జారి బయటికి వచ్చేసింది. హింజ్ మీద మూతి దగ్గర మాత్రమే జిగురు మరక ఉంది, మిగతాదంతా తెల్లగా పొడిగా ఉంది. అదే చీలికలో మళ్ళీ సీఏ పోస్తే సరిపోతుందా?

కోనసీమ బాల్సా (అమలాపురం):

సరిపోదు. చీలిక మూతి వద్ద చెక్క పాత జిగురు పీల్చుకుని గాజులా మూసుకుపోయి ఉంటుంది, కొత్త జిగురు దాన్ని దాటి లోపలికి పోదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఏ ఏఆర్ఎఫ్‌కైనా హింజులు లాగి చూడకుండా ఎగరేయకూడదు. ఒకటి ఊడిందంటే మిగతావాటినీ నమ్మలేము కనుక, ఆ ఐలరాన్ హింజులన్నిటినీ సందులో బ్లేడు పెట్టి కోసేసి, ఐలరాన్‌ను విడదీయండి. మిగిలిన ముక్కలను లోపలే వదిలి, సమంగా గీకేయండి. పాత స్థానాలకు ఒక అంగుళం పక్కగా, రెండు వైపులా ఎదురెదురుగా కొత్త చీలికలు తీసి, రంధ్రాలు వేసి, కొత్త హింజులు పెట్టండి. ఫిల్మ్‌కు పడిన పాత చీలికలను అదే రంగు ముక్కతో ఇస్త్రీ చేసి మూసేయవచ్చు. కుడి ఐలరాన్‌నూ తోకనూ కూడా ఇంతే బలంగా లాగి చూసి, ఏమైందో ఇక్కడ రాయండి.