అప్‌డేట్: అమ్మ కంటి మసక లేజర్‌తో పోయింది

పోయిన నెల అడిగిన కదా, అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయిన రెండేండ్లకు కుడికన్ను మళ్ళ మసకబారింది, రాత్రి లైట్ల చుట్టు వలయాలు కనపడుతున్నయని. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్, ఆపరేషన్ల కంట్ల పెట్టిన లెన్స్ వెనక పొర అయ్యుంటదని ఒకన్న చెప్పిందే నిజమైంది.

దేవరకొండ నుంచి నల్గొండ తీస్కపోయినం. చుక్కలేసి చూసిన్రు, లెన్స్ మంచిగనే ఉందట, దాన్ని పట్టుకునే పల్చటి సంచికి వెనకదిక్కు, ఆపరేషన్ల మిగిలిన కణాలు పెరిగి మబ్బు పట్టిందట. శుక్లం మళ్ళ వచ్చుడు కాదు ఇది. యాగ్ అనే లేజర్‌తో ఆ పొర నడుమ చిన్న కిటికీ లెక్క తెరిచిన్రు, కోత లేదు కుట్టు లేదు, ఐదు నిమిషాలు గూడ పట్టలే, అమ్మకు నొప్పే తెల్వలే. తర్వాత కంటి ప్రెజర్ చూసి పంపిన్రు. మూడు దినాలు నల్లచుక్కలు తేలినట్టు కనపడ్డయి, తగ్గినయి. మెరుపులు గానీ తెర పడ్డట్టు గానీ ఉంటే మాత్రం ఆగకుండ రమ్మన్నరు, రెటీనా (కంటి లోపల వెనకదిక్కు ఉండే చూపు పొర) ఊడుడు అరుదే గానీ ఉంటదట.

నేను నంబర్ మారిందనుకొని చేయించిన కొత్త అద్దాలు ఏం పనికిరాలే, లెన్స్ నాసిరకమని ఆపరేషన్ చేసినోళ్ళను అనుమానించుడు గూడ తప్పే. నిన్న అమ్మ బియ్యంల రాళ్ళు తనే ఏరుకుంది.