స్ట్రీమర్‌లో ఎస్‌డీ కార్డు మళ్ళీ పోయింది, ఏం చేయమంటారు?

బెంగళూరులో ఉంటాం. నాన్నగారి కోసం రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో మ్యూజిక్ స్ట్రీమర్ తయారుచేశాను. రోజూ పొద్దున్నే కాఫీ తాగుతూ అన్నమయ్య కీర్తనలు వింటారు. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం మైక్రో ఎస్‌డీ కార్డులోనే ఉంది. మొన్న వానకి కరెంటు పోయి వచ్చాక ఎర్ర లైటు వెలుగుతోంది గానీ, పచ్చ లైటు నాలుగుసార్లు మిణుక్కుమని ఆగుతోంది, మళ్ళీ అంతే. ఆరు నెలల్లో ఇది రెండో కార్డు. పాటలు వేరే హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

ఎస్పీ రోడ్డులో చిన్న ఎస్‌ఎస్‌డీ కొని యూఎస్‌బీ నుంచి బూట్ చేయాలా? లేక పాటల కోసమే చేసిన పైకోర్‌ప్లేయర్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి మారాలా? అది ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది, కాబట్టి ఉన్నట్టుండి కరెంటు పోయినా కార్డుకి పెద్దగా భయం ఉండదు. నాకు ఇదే నచ్చింది. కానీ నాన్నగారి ప్లేలిస్టులు రీస్టార్ట్ అయ్యాక పోకుండా ఎక్కడ సేవ్ చేయాలి? వాడుతున్నవాళ్ళు దయచేసి చెప్పండి.