ఇంటి వర్క్‌షాప్‌లో టన్నున్నర బరువు ఎత్తాలంటే: షెడ్డు కట్టకముందే ఏమేం చూసుకోవాలి?

షెడ్డు_కల
అందరికీ నమస్కారం. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న వర్క్‌షాప్ ఇంటి వెనక ఖాళీ స్థలంలో కట్టబోతున్నాను. లోపల తొమ్మిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. ఒక లేత్, ఒక మిల్లింగ్ మిషన్, వెల్డింగ్ టేబుల్, పాత ఇంజన్లు విప్పుకోడానికి కాస్త చోటు. అన్నిటికన్నా బరువైనది టన్నున్నర ఉంటుంది. పిలిచినప్పుడల్లా మనుషులు దొరకరు కాబట్టి ఒక్కణ్ణే ఉన్నా బరువు ఎత్తి దింపుకునే ఏర్పాటు కావాలి. పైన ఐ బీమ్ (I ఆకారపు ఇనప దూలం) వేసి చైన్ బ్లాక్ (గొలుసు లాగి బరువెత్తే కప్పీ) తగిలించాలా, చక్రాల గ్యాంట్రీ (రెండు వైపులా కాళ్ల మీద నిలిచే దూలం) కొనాలా, గోడకి జిబ్ క్రేన్ (పక్కలకి తిరిగే చెయ్యి ఉన్న క్రేన్) బిగించాలా తేల్చుకోలేకపోతున్నాను. పునాది ఇంకా తియ్యలేదు.

పాత_లేత్
పునాది తియ్యకముందే అడిగారు, చాలా మంచిది. ముందు కొక్కెం ఎంత ఎత్తులో ఉండాలో తేల్చండి, కప్పు ఎత్తు ఆ తర్వాత. ట్రైలర్ మీంచి మిషన్ దింపుతున్నారనుకోండి. ట్రైలర్ తలం ఒక మీటరు, మిషన్ 1.8 మీటర్లు, పైకి లేపడానికి 10 సెంటీమీటర్లు, స్లింగులకి (బరువుకి చుట్టి కొక్కేనికి తగిలించే పట్టీలు) 80, చైన్ బ్లాక్‌కి 50, బీమ్ వెంట దాన్ని జరిపే ట్రాలీకి 10. బీమ్ అడుగు భాగానికే 4.3 మీటర్లు అయింది. బీమ్ లోతు మరో 30 కలిపితే 4.6. మామూలు గది ఎత్తులో కప్పు వేసేస్తే తర్వాత ఎంత ఖర్చుపెట్టినా ఆ ఎత్తు తిరిగి రాదు.

అంత ఎత్తు కుదరకపోతే మిషన్‌ని బయటే నేలకి దింపించి, ఇనప పైపుల మీద దొర్లించి లోపలికి తెచ్చుకోండి. అప్పుడు మీటరు కలిసొస్తుంది.

గ్యాంట్రీ_వాడుకరి
నేను చక్రాల గ్యాంట్రీనే వాడుతున్నాను, తృప్తిగా ఉంది. పని లేనప్పుడు ఓ మూలకి నెట్టేస్తాను. అయితే బరువు వేలాడుతుండగా గ్యాంట్రీని నెట్టకండి. చక్రం కింద చిన్న రాయి పడినా అది టక్కున ఆగుతుంది, పైన బరువు మాత్రం ఊగి ముందుకి పోతుంది. బరువు ఎత్తాక ట్రాలీని మాత్రమే జరపాలి.

ఇంకోటి ఫ్లోరింగ్. ట్రాలీ ఒక కాలి వైపుకి వెళ్లినప్పుడు దాదాపు బరువంతా ఆ వైపు రెండు చక్రాల మీదే పడుతుంది. మీ టన్నున్నరకి చక్రానికి 750 కిలోలు, గ్యాంట్రీ సొంత బరువు అదనం. అంతా అరచేతిలో సగం కూడా లేని చోట. టైల్స్ నిలవవు. కింద మట్టి బాగా దిమ్మిస కొట్టించి, ఊచలు వేసి 150 మిల్లీమీటర్ల కాంక్రీటు పోయించండి.

కీలు_బోల్టు
గోడకి జిబ్ క్రేన్ అన్నారు కదా, ఒక లెక్క చూడండి. మూడు మీటర్ల చెయ్యి, చివర అర టన్ను, గోడకి పట్టిన రెండు బ్రాకెట్ల మధ్య ఒక మీటరు. పై బ్రాకెట్ గోడని 1.5 టన్నుల బలంతో లాగుతుంది. ఇటుక గోడకి లాగే బలం తట్టుకునే శక్తి చాలా తక్కువ. కాంక్రీటు పిల్లరో, విడిగా పెద్ద ఫుటింగ్ వేసిన ఇనప స్తంభమో ఉండాల్సిందే.

కప్పు ట్రస్సులకి (కప్పుని మోసే ఇనప చట్రాలు) చైన్ బ్లాక్ కట్టే ఆలోచన కూడా వద్దు. అవి రేకుల బరువు, గాలి తోపు అంతటా పంచుకుని మోయడానికి లెక్కేసినవి, ఒకే చోట టన్ను వేలాడదీయడానికి కాదు.

పాత_లేత్
కీలు_బోల్టు గారి మాట నిజమే, కానీ చిన్న జిబ్‌ని పూర్తిగా కొట్టెయ్యకండి. మిషన్లు లోపలికి రావడం ఒక్కసారి. రోజూ ఎత్తేవి పనిముక్కని పట్టి ఉంచే లేత్ చక్, మిల్లింగ్ వైస్, రోటరీ టేబుల్ లాంటివి. ఒక్కోటి 30, 40 కిలోలు. నడుం పట్టేసేది వాటి వల్లే. లేత్ పక్కన వంద కిలోల చిన్న జిబ్ ఒకటి ఉంటే పని హాయిగా సాగుతుంది. నన్నడిగితే దానికే ముందు డబ్బు పెట్టండి.

స్లింగ్_శ్రద్ధ
స్లింగుల కోణం సంగతి ఎవరూ ఎత్తలేదు. రెండు కాళ్ల స్లింగుతో టన్ను ఎత్తితే ఒక్కో కాలికి అర టన్నే అనుకుంటారు. కోణాన్ని బట్టి మారుతుంది. నేలకి 60 డిగ్రీల్లో ఉంటే ఒక్కోదానికి దాదాపు 580 కిలోలు, 45లో 710, 30లో అయితే పూర్తిగా టన్ను. ఎత్తు చాలక స్లింగులు పొట్టివి చేస్తే జరిగేది ఇదే. ఐ బోల్టులైతే (తలకి రింగు ఉన్నవి) ఇంకా ప్రమాదం, రింగు కింద భుజం (వెడల్పు అంచు) లేని రకాన్ని పక్కకి లాగనే కూడదు.

లేత్‌లో బరువు ఎక్కువగా హెడ్‌స్టాక్ (చక్ తిరిగే చివర) వైపే ఉంటుంది. జరిగే భాగాలైన క్యారేజ్, టెయిల్‌స్టాక్ రెండో చివరకి జరిపి బిగిస్తే కొంత సమం అవుతుంది. స్లింగు లీడ్ స్క్రూని (లేత్ పొడవునా ఉండే మరల కడ్డీ) నొక్కకుండా చెక్క ముక్కలు అడ్డం పెట్టండి. రెండు మూడు సెంటీమీటర్లు లేపి ఆపండి, ఎటు వాలుతోందో చూసి, దింపి సర్దుకుని మళ్లీ ఎత్తండి. ఎంత తొందరలో ఉన్నా దాని కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టొద్దు, దయచేసి.

సెకండ్‌హ్యాండ్ చైన్ బ్లాక్ తీసుకుంటే కొక్కెం నోరు విచ్చుకుందా, నోటికి అడ్డం ఉండే నాలుక సరిగా మూసుకుంటోందా, లింకులు అరిగాయా చూడండి. బరువు మధ్యలో ఆపితే జారకుండా నిలవాలి.

షెడ్డు_కల
అందరికీ చాలా థాంక్స్. టెన్షన్ సగం తగ్గింది. ఇప్పుడు అనుకుంటున్నది ఇది: షెడ్డు పొడవునా మధ్యలో ఒకే ఐ బీమ్, గోడలతో సంబంధం లేకుండా సొంత స్తంభాల మీద. లేత్ పక్కన చిన్న జిబ్. బీమ్‌ని తలుపు దాటి బయటికి మీటరున్నర పొడిగిస్తే ట్రైలర్ మీంచి నేరుగా ఎత్తుకోవచ్చు కదా?

కీలు_బోల్టు
చెయ్యొచ్చు, చాలా ఉపయోగం కూడా. కానీ ఆ మీటరున్నర చివర టన్నున్నర వేలాడితే బీమ్ మీద పడే వంపు బలం, ఆరు మీటర్ల దూరంలో ఉన్న రెండు స్తంభాల నడిమధ్య అదే బరువు వేలాడినప్పుడు పడేంత ఉంటుంది. రెండూ 2.25 టన్ను-మీటర్లే. పైగా బయట ఎత్తినప్పుడు వెనక స్తంభం దగ్గర బీమ్ పైకి లేవాలని చూస్తుంది, అక్కడి బోల్టులు దాన్ని పట్టి ఉంచాలి. బీమ్, ట్రాలీ, చైన్ బ్లాక్ సొంత బరువులు, ఎత్తేటప్పుడు వచ్చే కుదుపు ఇందులో కలపలేదు. స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో డ్రాయింగ్ వేయించి, కట్టాక 125 శాతం బరువుతో టెస్ట్ చేయించండి.

గ్యాంట్రీ_వాడుకరి
తలుపు గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి. బీమ్ బయటికి వస్తే రోలింగ్ షటర్ దానికి తగిలి పూర్తిగా దిగదు. రెండు రెక్కల తలుపు పెట్టించి, రెక్కలు కలిసే చోట పైన బీమ్ పట్టేంత కోత కోయించండి. వాన నీళ్లు రాకుండా ఆ కోతకి రబ్బరు పట్టీ వేస్తే చాలు. సీలింగ్ ఫ్యాన్లు, లైట్లు బీమ్ దారిలో లేకుండా రెండు పక్కలకీ పెట్టించుకోండి.

షెడ్డు_కల
రెండు రెక్కల తలుపే ఖాయం. ఈ వారంలో ఇంజనీర్‌ని కలుస్తాను, డ్రాయింగ్ రాగానే స్తంభాల కొలతలు ఇక్కడ పెడతాను.