నెట్‌వర్క్ స్విచ్‌లో కమాండ్లు పొట్టిగా కొట్టాలా, పూర్తిగా కొట్టాలా?

కన్సోల్‌కేబుల్: మా టీమ్‌లో కొత్త రూల్. సిస్కో స్విచ్‌లో ఏ కమాండైనా పూర్తిగా కొట్టాలట, "కాన్ఫ్ టీ" (కాన్ఫిగర్ టెర్మినల్), "షో రన్" (షో రన్నింగ్-కాన్ఫిగ్) లాంటి పొట్టి రూపాలు కుదరవట. చాదస్తం కాకపోతే ఏంటి? వేరే కమాండ్‌తో కలవనంత వరకు మొదటి అక్షరాలు చాలు, స్విచ్‌లో నడిచే సిస్కో సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ ఒప్పుకుంటుంది. ఎంత పొట్టిగా కొట్టినా రన్నింగ్ కాన్ఫిగ్‌లో, అంటే స్విచ్ ప్రస్తుతం వాడుతున్న సెట్టింగుల్లో, పడేది పూర్తి రూపమే.

వీలాన్‌పది: చేత్తో కొట్టినప్పుడు గొడవ లేదు బ్రో. డాక్యుమెంట్‌లో రాసిపెట్టుకుని పేస్ట్ చేసేటప్పుడే చిక్కు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ మారి, అవే అక్షరాలతో ఇంకో కమాండ్ వచ్చిందనుకో, "యాంబిగ్యువస్ కమాండ్" అని ఆ లైన్‌ని తిప్పికొడుతుంది. మిగతావి ఆగవు. తిరగ్గొట్టింది ఇంటర్‌ఫేస్ (ఏ పోర్టో చెప్పే) లైనే అయితే, దాని కింద ఉన్నవన్నీ అంతకుముందు ఇంటర్‌ఫేస్ మీద పడతాయి.

కన్సోల్‌కేబుల్: పేస్ట్ సంగతి ఒప్పుకుంటా. చేత్తో కొట్టేదానికి కూడా రూలెందుకు?

ట్యాబ్‌రాణి: ట్యాబ్ నొక్కడానికి బద్ధకమా? పదం పూర్తవుతుంది, ఏం కొడుతున్నామో కంటికి కనపడుతుంది. పూర్తవకపోతే ప్రశ్న గుర్తు కొట్టి ఏమేం కుదురుతాయో చూడండి.

రాత్రిషిఫ్ట్: పొట్టీ పొడుగూ గురించి కొట్టుకుంటున్నారు గానీ కొంప ముంచేది అది కాదు. ట్రంక్ అంటే చాలా వీలాన్లని (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్‌లని) మోసే లింక్. దాని మీద "స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 30" అని అక్షరం పోకుండా కొట్టండి. మధ్యలో "యాడ్" లేదు కాబట్టి పాత లిస్టు పోయి 30 ఒక్కటే మిగులుతుంది. మీరు లాగిన్ అయింది ఆ ట్రంక్ మీదుగానే అయితే మీ సెషన్ కూడా గోవిందా. రూల్ పెట్టాలంటే ఇది పెట్టండి: దూరం నుంచి చేసే మార్పుకి ముందు "రీలోడ్ ఇన్ 10" (పది నిమిషాల్లో స్విచ్ రీస్టార్టయి, సేవ్ చేసిన పాత సెట్టింగులకి వెళ్తుంది), అంతా బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్", ఆ తర్వాతే సేవ్.

ఇంకోటి. సగంలో మనసు మారితే కంట్రోల్-సీ నొక్కండి, కంట్రోల్-జడ్ కాదు. జడ్ నొక్కేసరికి లైన్‌లో ఉన్నది చెల్లే కమాండ్ అయితే అది అమలైపోతుంది.

వీలాన్‌పది: నిజం అన్నా. పై బాణంతో పాత లైన్ తెచ్చి, కంట్రోల్-ఏతో మొదటికెళ్లి దాన్ని రద్దు చేయడానికి "నో" తగిలించే వాళ్లూ ఉన్నారు. అలౌడ్ వీలాన్ దగ్గర ఆ అలవాటు పనికిరాదు. ఒక్క వీలాన్ తీయాలంటే "రిమూవ్" ఉంది. "నో స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్" అంటే లిస్టు డిఫాల్ట్‌కి, అంటే అన్ని వీలాన్లకీ తెరుచుకుంటుంది.

ట్యాబ్‌రాణి: అందుకే కదా నేను చెప్పేది, ఎంటర్‌కి ముందు లైన్ మొత్తం చదివేలా ఉండాలని.

కన్సోల్‌కేబుల్: "యాడ్" మర్చిపోయినవాడికి ట్యాబ్ గుర్తుచేయదు కదండీ. డాక్యుమెంట్లకి పూర్తి రూపం, రిమోట్ పనికి రీలోడ్ టైమర్, ఈ రెండూ రేపు లీడ్‌కి చెప్తా. షో కమాండ్లు మాత్రం నేను పొట్టిగానే కొడతా.