ఏసీఎల్ వదులు: ఒకచోట 2 మి.మీ., ఇంకోచోట 4. ఏది నమ్మాలి?

కబడ్డీ_రైడర్: మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్‌కి ఆపరేషన్ అయి ఏడాది దాటింది. మోకాలి వదులు కొలిచే కేటీ-1000 మిషన్ పెట్టి చూసి రెండు కాళ్లకీ తేడా 2 మి.మీ. అన్నారు, ఇంకోచోట అదే మిషన్‌తో 4 వచ్చింది. గ్రాఫ్ట్ (తెగినదాని బదులు వేసిన లిగమెంట్) సాగిందా, కొలవడంలో తేడానా? ఒకటే టెన్షన్.

ఫిజియో_గుంటూరు: 3 మి.మీ. దగ్గర్నుంచి అనుమానించాలంటారు, మీ అంకెలేమో దానికి అటొకటి ఇటొకటి పడ్డాయి. ఆ మిషన్ చేసేవాళ్ల చేతి తీరుని బట్టి మారుతుందండీ. మోకాలి చిప్ప మీద ప్యాడ్ గట్టిగా ఆనకపోయినా, పాదం కాస్త బయటికి తిరిగున్నా రీడింగ్ మారిపోతుంది. ముందు ఎంత బలంతో లాగారో కనుక్కోండి. 134 న్యూటన్ల దగ్గర తీసిన అంకెనీ, చేత్తో లాగగలిగినంత లాగి తీసిన అంకెనీ పోల్చకూడదు.

డాలస్_బావ: ఎంఆర్‌ఐ ఉండగా ఈ గోలంతా ఎందుకు?

ఫిజియో_గుంటూరు: ఎంఆర్‌ఐలో కాలు కదలకుండా పడి ఉంటుంది కదా, లిగమెంట్ తెగిందో లేదో కనబడుతుంది గానీ ఎముక ఎంత జారుతోందో తెలీదు. నేనైతే లాక్‌మన్‌నే నమ్ముతా, మోకాలు 20–30 డిగ్రీలు వంచి, కింది ఎముకని చేత్తో ముందుకి లాగి చూసే టెస్ట్ అది. 90 డిగ్రీల దగ్గర లాగి చూసే డ్రాయర్ టెస్ట్ కొత్త దెబ్బకి చాలాసార్లు దొరకదు. లావు తొడలైతే నా చేతికి పట్టు చిక్కదు, అప్పుడు నా తొడని వాళ్ల మోకాలి కింద పెట్టి చేస్తా.

వాలీబాల్_సుజి: నాకు మెలకువలో పివట్ షిఫ్ట్ (కాలు మెలితిప్పి వంచుతూ మోకాలు జారుతుందేమో చూసే టెస్ట్) చేస్తే ఏమీ లేదన్నారు, ఆపరేషన్ టేబుల్ మీద మత్తిచ్చాక చేస్తే టక్కున జారిందట! నొప్పి భయానికి తొడ బిగబట్టేస్తాం కదా, ఇక వాళ్లకేం తెలుస్తుంది.

డాలస్_బావ: అయితే జీఎన్‌ఆర్‌బీ చేయించుకో తమ్ముడూ, అదీ వదులు కొలిచే మిషనే, ఫ్రాన్స్ వాళ్లది, మోటారే తోస్తుంది, మనిషి చేతితో పనిలేదు.

ఫిజియో_గుంటూరు: తోసేది మోటారే అయినా బిగబట్టేది పేషెంటే కదండీ. పట్టీ ఎంత బిగించారన్నదాన్ని బట్టి కూడా మారుతుంది.

కబడ్డీ_రైడర్: ఫైల్ తీసి చూశా. 2 వచ్చిన కాగితం మీద 134 అని ఉంది, రెండోదాంట్లో ఏమీ రాయలేదు.

ఫిజియో_గుంటూరు: అయితే ఆ 4ని పట్టించుకోకండి. పరుగులో సడన్‌గా మలుపు తిరిగితే కాలు జారుతోందా?

కబడ్డీ_రైడర్: అప్పుడప్పుడు, ఎడమకి తిరిగితే.

ఫిజియో_గుంటూరు: ఆ ముక్క ముందే చెప్పాల్సింది. కేటీ-1000 ముందుకి జారడమే కొలుస్తుంది, మెలి తిరగడం దానికి పట్టదు. అంకె బాగున్నా సరే, మీ సర్జన్ దగ్గరికెళ్లి పివట్ షిఫ్ట్ చేయించండి, అప్పటిదాకా మ్యాట్ ఎక్కొద్దు.