రష్యా రైతును విప్లవం విడిపించిందా, కట్టేసిందా?

నల్లరేగడి: 1897 జనగణన నాటికి రష్యా సామ్రాజ్యంలో అక్షరం ముక్క వచ్చినవారు నూటికి 21 మంది. 1939 నాటికి నూటికి 87. అంతర్యుద్ధం నడుస్తుండగానే, 1919 డిసెంబరులో, ఎనిమిది నుంచి యాభై ఏళ్ల వరకు అందరూ చదవడం, రాయడం నేర్చుకోవాలని ఆదేశం వచ్చింది. 1861 దాకా భూమితో పాటు చేతులు మారిన మనుషుల మనవలు ఇంజనీర్లయ్యారు. విప్లవాన్ని తిట్టేవారు ముందు దీనికి జవాబు చెప్పండి.

లెక్కల పంతులు: 21 అన్ని వయసుల లెక్క, 87 తొమ్మిది నుంచి నలభై తొమ్మిదేళ్ల వారిది. అదే వయసువారిని తీసుకుంటే 1897లో 28.

ఎడారిదారి: చదువు సరే. 1932 డిసెంబరులో అంతర్గత పాస్‌పోర్టు, అంటే దేశం లోపలే ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లి ఉండడానికి కావలసిన గుర్తింపు పత్రం, తెచ్చి పట్నవాసులకు ఇచ్చారు, పొలాలన్నీ కలిపేసి పెట్టిన సమష్టి క్షేత్రాల రైతులకు మాత్రం సాధారణంగా ఇవ్వలేదు. ఊరు వదలాలంటే అనుమతి కావాలి. 1933 జనవరిలో కరవుతో అల్లాడుతున్న ఉక్రెయిన్, కుబాన్ రైతులు బయటికి పోకుండా ఆపమని స్టాలిన్, ప్రధాని మొలొటోవ్ ఉత్తర్వు పంపారు. దీన్ని విముక్తి అంటారా?

నల్లరేగడి: పాస్‌పోర్టు ఒక కాగితం. అది లేకుండానే సైన్యంలో చేరి, చదువుకు వెళ్లి, కర్మాగారాల నియామకాల ద్వారా లక్షలమంది పల్లెలు దాటారు. ఉక్కు నగరం మాగ్నితోగోర్స్క్‌ను కట్టింది ఎవరు?

ఎడారిదారి: ఎవరో తీసుకుపోతే వెళ్లడం వేరు, తనంతట తాను వెళ్లడం వేరు.

వెన్నెల: మీ ఇద్దరి రష్యాలో ఆడవాళ్లు లేరా? 1918 కుటుంబ చట్టం విడాకులను సులువు చేసింది, 1920లో గర్భస్రావం చట్టబద్ధమైంది. 1930లో పార్టీ మహిళా విభాగాన్ని మూసేశారు, 1936లో గర్భస్రావాన్ని మళ్లీ నిషేధించారు. ఇది ఏ లెక్కలో వేస్తారు?

ఎడారిదారి: అమ్మా, ముందు పాస్‌పోర్టు సంగతి తేలనివ్వండి.

వెన్నెల: అనుకున్నాను.

నల్లరేగడి: ఆ పాస్‌పోర్టు జపం ఇక చాలించండి! మా తాత భూస్వామి ఇంట పాలేరు. మా నాన్న 1971లో మాస్కోలో వైద్యం చదివారు, రూపాయి ఫీజు లేకుండా. ఆ దేశాన్ని నా ముందు జైలు అంటే ఊరుకోను.

ఎడారిదారి: ఇప్పుడు అసలు మాట బయటపడింది. మీరు వాదిస్తున్నది మీ నాన్నగారి ఋణం గురించి. ఆయనకు రొట్టె పెట్టిన గోధుమ పండించిన రైతుకు 1971లో కూడా పాస్‌పోర్టు హక్కు లేదు. 1974లో గానీ నిర్ణయం జరగలేదు, 1976 నుంచి గానీ పంచలేదు. నాది కూడా చెబుతాను. గల్ఫ్‌లో నా యజమాని నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టుకున్నాడు. అమ్మ పోయినప్పుడు రాలేకపోయాను. అది కాగితం కాదండీ.

నల్లరేగడి: మీ అమ్మగారి సంగతి విని బాధగా ఉంది. కానీ ఆ యజమానికీ సోవియట్ ప్రభుత్వానికీ పోలికా? వాడు మీ పిల్లలకు బడి కట్టించాడా?

ఎడారిదారి: కట్టించి ఉంటే పాస్‌పోర్టు ఉంచుకోవచ్చా? అవునో కాదో చెప్పండి.

నల్లరేగడి: యుద్ధం ముంచుకొస్తున్న పేద దేశంలో, కొంతకాలం, అవును.

ఎడారిదారి: యుద్ధం 1945లో ముగిసింది కదండీ.